తీసేయడమా, మిగల్చడమా

ఫిబ్రవరి 4, మంగళవారం

ఈ నోటుబుక్కు లిఫ్టుల సర్వీసు రాసుకోడానికి కొన్నది. మొదటి పదకొండు పేజీలూ అవే: ఏ బిల్డింగు, బ్రేకు ఎంత అరిగింది, తాళ్ళు ఎప్పుడు చూశాను. పన్నెండో పేజీ నుంచి ఇది. ఎవరికీ చూపించేది కాదు కాబట్టి అక్షరాలు ఎలా ఉన్నా పరవాలేదు.

ఉడతకి ఎడమ కిడ్నీలో కణితి. పది సెంటీమీటర్లు. పిల్లలకే వచ్చే రకం క్యాన్సరట. రాస్తే ఏమవుతుందో అనుకున్నాను. ఏమీ కాలేదు. పెన్ను మామూలుగానే నడిచింది.

నాలుగేళ్ళ పిల్ల. ఎత్తుకుంటే భుజం మీంచి నెత్తి మీదికి పాకుతుంది, అందుకే ఉడత. మూత్రంలో రక్తం పడిందని శుక్రవారం తీసుకెళ్ళాం. బీపీ కూడా ఎక్కువుందని అక్కడే ఉంచేశారు. చిన్నపిల్లలకి బీపీ ఏమిటి అని తను అడిగింది. తను అంటే మా ఆవిడ.

ఫిబ్రవరి 6, గురువారం

మంచం పైన గోడకి కాగితం అంటించారు: "కడుపు నొక్కరాదు." ఎర్ర అక్షరాలు. గడ్డ పగిలితే లోపలంతా పాకుతుందట.

ఈ రోజు మొదటి మందు ఎక్కించారు. ఆరు వారాలు ఇలా ఇచ్చి గడ్డని చిన్నది చేస్తారు. తరువాత ఆపరేషన్. ఇందులో పదిమంది పిల్లల్లో తొమ్మిదిమంది బాగుపడతారని పెద్ద సర్జన్ చెప్పాడు. తెల్ల జుట్టు, మెత్తటి గొంతు. తొమ్మిది అన్నప్పుడు తను ఊపిరి తీసుకుంది. నేను ఆ పదో పిల్ల దగ్గరే ఆగిపోయాను.

రాత్రిళ్ళు నేను, పగళ్ళు తను. పొద్దున్న ఏడింటికి తను వస్తుంది, నేను పనికి వెళ్తాను. సాయంత్రం ఆరింటికి నేను వస్తాను, తను ఇంటికి వెళ్తుంది. మధ్యలో వరండాలో ఐదు నిమిషాలు. జ్వరం చూశారా. చూశారు. తిన్నదా. సగం. చెప్పులు మార్చావా. మార్చాను. ఎనిమిదేళ్ళ కాపురం ఆ ఐదు నిమిషాల్లో సర్దుకుంది.

ఫిబ్రవరి 9, ఆదివారం

వాంతులు. ఇంకేం లేదు.

ఫిబ్రవరి 12, బుధవారం

భోజనం వేళ. తొమ్మిదంతస్తుల బిల్డింగు, పైన మోటారు గదిలో కూర్చుని రాస్తున్నాను. ఇక్కడికి ఎవరూ రారు. మోటారు ఆగినప్పుడల్లా చెవులు గుయ్‌మంటున్నాయి.

పొద్దున్న నేను బయల్దేరుతుంటే పెద్ద సర్జన్ వరండాలో కలిశాడు. తను లోపల ఉడతకి ఒళ్ళు తుడుస్తోంది. "ఇంకో స్కాన్ రిపోర్టు వచ్చింది" అన్నాడు. కుడి కిడ్నీ పుట్టుకతోనే చిన్నదట. ఉడత ఒంట్లో కిడ్నీలు చేసే పని మొత్తం వందనుకుంటే, కుడిది చేసేది ముప్పై. మిగతా డెబ్బై ఎడమదే. గడ్డ ఉన్నదే.

"ఎడమది మొత్తం తీసేయడమే పద్ధతి. అది మారదు" అన్నాడు. "కానీ ఈ సంగతి మీకు తెలియాలి."

"ముప్పైతో బతుకుతుందా?"

"బతుకుతుంది. చిన్నపిల్లల్లో మిగిలిన కిడ్నీ కాస్త పెరుగుతుంది కూడా. కొందరికి ఏళ్ళ తరబడి ఏ ఇబ్బందీ రాదు. కొందరికి పదిహేను, పదహారేళ్ళు వచ్చేసరికి..."

"డయాలసిస్సా?"

తల ఊపాడు. ఆ మాట నేనే ముందు అనేసరికి నా వంక అదోలా చూశాడు.

తనకి చెప్పలేదు. వరండాలో నిలబడి చెప్పే మాటలా ఇది? రేపు చెప్తాను.

ఫిబ్రవరి 13

చెప్పలేదు. పని ఎక్కువగా ఉంది.

ఫిబ్రవరి 16, ఆదివారం

బీపీ తగ్గిందని ఇంటికి పంపారు. వారానికొకసారి వెళ్ళి మందు ఎక్కించుకుని రావాలి. ఇల్లు చేరగానే ఉడత గదులన్నీ తిరిగి, అన్నీ ఉన్నాయో లేదో చూసుకుంది. తనూ ఉడతా లోపలి గదిలో. నేను ముందు గదిలో. మందు వాసనకి నాకు దగ్గొస్తుందని తనతో చెప్పాను. నాకు దగ్గు లేదు.

కుడి కిడ్నీ సంగతి ఇంకా చెప్పలేదు. ఇంటికొచ్చిన రోజే చెబితే ఏం బాగుంటుంది?

ఫిబ్రవరి 20, గురువారం

నాన్న గురించి ఇందులో రాయకూడదనుకున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు నాన్నకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు. అమ్మకి పని, అక్కకి కాలేజీ, అందుకని నేను. బస్సులో నాన్న కిటికీ పక్కన, నేను ఈ పక్కన, ఒళ్ళో సంచి. మోచేతి దగ్గర నరం ఉబ్బిపోయి ఉండేది. చెయ్యి వేస్తే లోపల బుసబుసమని కొట్టుకునేది. లావుపాటి సూదులు రెండు. నాలుగు గంటలు. నేను గోడకి ఆనుకుని హోంవర్కు చేసుకునేవాణ్ణి. ఎండాకాలం గ్లాసులో సగం నీళ్ళే తాగాలి. ఆ సగం గ్లాసు వంక నాన్న చూసే చూపు.

పదమూడేళ్ళు. నాకు ఇరవై నాలుగు వచ్చేదాకా.

ఉడతకి ఈ మధ్య దాహం ఎక్కువ. రోజూ ఎన్ని గ్లాసులు తాగిందో లెక్కపెడుతున్నాను. ఊరికే.

ఫిబ్రవరి 22, శనివారం

ఎక్కడో లిఫ్టులో మనుషులు ఇరుక్కున్నారని తనతో చెప్పి బయల్దేరాను. రెండు బస్సులు మారి ఇంకో ఆసుపత్రికి వెళ్ళాను. ఇంట్లో ఉన్న కాగితాలు, స్కాన్ సీడీ పనిముట్ల సంచిలో పెట్టుకున్నాను. అక్కడ పిల్లల కిడ్నీ ఆపరేషన్లు చేసే ఒక సర్జనమ్మ ఉంది. నలభై ఐదేళ్ళుంటాయి. పొట్టిగా, కుర్చీ అంచున కూర్చుంటుంది, ఏ క్షణమైనా లేచిపోయేలా.

స్కాన్ చాలాసేపు చూసింది. నేను కుర్చీలో ముళ్ళ మీద కూర్చున్నట్టు కూర్చున్నాను.

"గడ్డ కింది భాగంలో ఉంది. మందుకి బాగా తగ్గితే, గడ్డ, దాని చుట్టూ కొంచెం మంచి భాగం కలిపి కోసేసి, పైన మిగిలిన కిడ్నీని కుట్టేయొచ్చు."

"అయితే మిగల్చొచ్చన్నమాట."

"ఆగండి. ఇంకా పూర్తికాలేదు." ఒక కాగితం తీసి కిడ్నీ గీసింది, దాని మీద అడ్డంగా ఒక గీత. "ఈ గీత దగ్గర ఒక్క కణం మిగిలిపోయినా కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాల్సి వస్తుంది, మందులు పెంచాల్సి వస్తుంది. గడ్డ తిరిగి రావచ్చు. కుట్టిన చోటు నుంచి మూత్రం కారొచ్చు, అప్పుడు ఇంకో ఆపరేషన్. మొత్తం తీసేస్తే ఇవన్నీ బాగా తక్కువ. రెండో కిడ్నీ బాగున్న పిల్లైతే నేనూ మొత్తమే తీస్తాను, ఇంత ఆలోచించను కూడా. మీ అమ్మాయికి ఆ రెండోది చిన్నది. అందుకే మాట్లాడుతున్నాం."

"మీరు చేయగలరా?"

"చేశాను. అన్నీ అనుకున్నట్టు జరగలేదు." తరువాత అడిగింది, "వాళ్ళమ్మగారు రాలేదా?"

"పాపని చూసుకోవాలి కదండీ" అన్నాను.

ఫిబ్రవరి 23, ఆదివారం

సర్వీసు రిపోర్టుకి గీసినట్టు పేజీ మధ్యన గీత గీసి, ఎడమవైపు "మొత్తం" అనీ కుడివైపు "భాగం" అనీ రాశాను. ఏ పక్షమూ వహించకుండా రెంటికీ మంచీ చెడ్డా రాశాను. ఒక మనిషి ఇంత నిదానంగా ఆలోచించడం మంచిదే.

ఇప్పుడు మళ్ళీ చూస్తే "మొత్తం" కింద పద్నాలుగు వరసలున్నాయి, అందులో పదకొండు డయాలసిస్ గురించే. "భాగం" కింద "తిరిగి రావచ్చు" అని ఒకచోట రాశాను, చిన్న అక్షరాలతో. స్థలం చాలక.

నేనింకా ఏమీ తేల్చుకోలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

చెప్పాను. సర్జనమ్మ దగ్గరికి వెళ్ళానని కాదు. "కొన్నిచోట్ల కిడ్నీ మొత్తం తీయకుండా గడ్డ వరకే తీస్తున్నారట" అన్నాను, పనిలో ఎవరో అన్నట్టు. ఉడత పక్కగదిలో బొమ్మలకి సూదులు వేస్తోంది. అందుకని ఇద్దరం గొంతు తగ్గించే పోట్లాడుకున్నాం. గొంతు తగ్గించి పోట్లాడితే మాటలు ఇంకా గట్టిగా తగులుతాయి.

"ఒక్క ముక్క కూడా దాని ఒంట్లో ఉండడానికి వీల్లేదు" అంది తను.

"మంచి భాగం కూడా పోతుంది కదా."

"పోనీ. దాని పక్కనున్నది మంచిదని ఎవరు చెప్పారు నీకు?"

"రేపు రెండోదానికి ఏమైనా అయితే?"

"రెండోది బాగానే ఉంది కదా" అంది.

అప్పుడు చెప్పాలి. నోటిదాకా వచ్చింది. ఉడత పరిగెత్తుకుంటూ వచ్చి, బొమ్మ ఏడవలేదు, దానికి బహుమతి ఇవ్వాలి అంది. బిస్కెట్టు ఇచ్చాను. తరువాత చెప్పే సందర్భం పోయింది.

మార్చి 1, శనివారం

జుట్టు మొత్తం ఊడింది. దిండు మీదిది ఏరి ఒక కవర్లో వేసింది ఉడత, పక్షికి గూడు కట్టుకోడానికి ఇస్తుందట. తను బాత్రూములో ట్యాపు తిప్పుకుని చాలాసేపు బయటికి రాలేదు. తలుపు దగ్గర నిలబడ్డాను. తట్టలేదు.

మార్చి 4

మాట్లాడుకున్నది: "గ్యాస్ అయిపోయింది." "చూస్తాను."

మార్చి 8, శనివారం

పనిలో అందరికీ తెలుసు. అందుకే ఎవరూ అడగరు. నేను గదిలోకి వస్తే నవ్వులు ఆగిపోతాయి. సూపర్‌వైజరు నాకు తేలిక బిల్డింగులే ఇస్తున్నాడు, మూడంతస్తులు, నాలుగంతస్తులు. మంచితనమే. కానీ చిన్న బిల్డింగులకి పైన మోటారు గది ఉండదు, ఒంటరిగా కూర్చోడానికి చోటు దొరకదు. అన్నం డబ్బా మెట్ల మీద విప్పుకుంటున్నాను.

ఉడత అడిగింది, "నాన్నా, నా కడుపులో ఉన్నది తీశాక నాకు చూపిస్తారా?"

"ఎందుకు?"

"తిడతాను."

మార్చి 11, మంగళవారం

తను పనిముట్ల సంచి తెరిచింది. కుర్చీ స్క్రూ ఊడితే బిగిద్దామని. అందులో సర్జనమ్మ గీసిన కాగితం, మడత పెట్టి ఉంది. పైన తేదీ, ఆసుపత్రి పేరు. కింద ఆమె చేతిరాతతో: ఎడమ 70, కుడి 30.

నేను వచ్చేసరికి ఆ కాగితం బల్ల మీద పరిచి ఉంది. ఉడత నిద్రపోతోంది.

"ముప్పై అంటే ఏమిటి?"

చెప్పాను.

"ఎప్పటినుంచి తెలుసు?"

"పోయిన నెల పన్నెండు నుంచి."

తను వేళ్ళ మీద లెక్కపెట్టింది. నిజంగానే, ఒక్కొక్క వేలూ ముడిచి. "ఇరవై ఏడు రోజులు" అంది. "రెండోది బాగానే ఉంది కదా అని నేనన్న రోజు, నా మొహం చూస్తూ ఊరుకున్నావు."

నువ్వు భయపడతావని చెప్పలేదు అన్నాను. అది అబద్ధం. తెలిసినా తను భయపడకుండా మొత్తం తీయించేస్తుందని చెప్పలేదు. తనకి తెలియకుండా అన్నీ సర్దేసి, చివర్లో సంతకం పెట్టమని కాగితం ముందు పెడదామనుకున్నాను. ఇది ఇక్కడ రాయగలుగుతున్నాను, అక్కడ అనలేకపోయాను.

అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చాలాసేపు కాగితం మీది గీత మీద వేలు పెట్టి అటూ ఇటూ రాసింది. తరువాత, నాతో కాకుండా ఆ కాగితంతో అన్నట్టు అంది:

"డిసెంబర్లోనే నాకు తగిలింది. స్నానం చేయిస్తుంటే. సబ్బు చేతికి, పక్కటెముక కింద గట్టిగా. మలబద్ధకం అనుకున్నాను. విరేచనం మందు పోశాను. రోజూ చూసేదాన్ని, తగ్గిందా అని. రోజూ నొక్కి చూసేదాన్ని."

వార్డులో మంచం పైన ఆ ఎర్ర అక్షరాల కాగితం. తను పదహారు రోజులు దాని కింద కూర్చుంది.

"అందుకే ఏమీ మిగలకూడదు" అంది. "నేను ఆరువారాలు దాన్ని లోపల ఉండనిచ్చాను. ఇంక ఒక్క పిసరు కూడా ఉండనివ్వను."

నీ తప్పు కాదు అనాలి. మూడే మాటలు. తను ఎదురుచూసింది కూడా అనుకుంటాను. నేను మాత్రం లోపల డిసెంబరు నుంచి జనవరి ఆఖరుదాకా వారాలు లెక్కపెడుతున్నాను. పది సెంటీమీటర్లు అప్పుడెంత ఉండేదో లెక్క కడుతున్నాను.

తను లోపలికి వెళ్ళిపోయింది.

మార్చి 12, బుధవారం

పొద్దున్న లిఫ్టు గుంతలో దిగి పనిచేస్తూ ఉండగా ఒక్కసారిగా ఏడుపొచ్చింది. పైన ఎవరో తలుపు దగ్గర "అయిందా బాబూ?" అని అడిగారు. "ఐదు నిమిషాలండీ" అన్నాను.

నిన్న ఆ మూడు మాటలూ ఎందుకనలేదు? నాకు కోపం వచ్చింది కాబట్టి. కోపం తన మీద కాదు అని రాయబోయాను. తన మీదే. ఒక రాత్రంతా తన మీదే. ఇరవై ఏడు రోజులు దాచినవాడికి ఆ కోపం ఎక్కడినుంచి వచ్చిందో తెలీదు.

మధ్యాహ్నం అక్కకి ఫోన్ చేశాను. అంతా చెప్పాను, మొదటిసారి.

"ఒరేయ్, నువ్వు పిల్ల కిడ్నీ గురించి మాట్లాడుతున్నావా, నాన్న గురించా?" అంది.

"నీకేం తెలుసక్కా, తీసుకెళ్ళింది నేను."

"అవును, నువ్వే. నేను కాలేజీకి పోయాను. నాకు ఆ సిగ్గు ఇంకా ఉంది." తరువాత అక్కే అంది, "కానీ ఆ పదమూడేళ్ళలో నాన్న నా పెళ్ళి చేశాడు. నీకు సైకిలు నేర్పాడు. మేడ మీద నీళ్ళ ట్యాంకు తనే ఎక్కి కడిగేవాడు, అమ్మ కింద నుంచి తిడుతుంటే. నీకవేమీ గుర్తులేవా? సూదులే గుర్తున్నాయా?"

గుర్తున్నాయి. అక్క చెప్పాక.

మార్చి 13, గురువారం

ఉడతకి మందు ఎక్కించే రోజు. సెలవు పెట్టి ఇద్దరితో పాటు వెళ్ళాను. తను వద్దనలేదు, రమ్మనలేదు. సీసాలోంచి చుక్కలు పడుతుంటే, "నీ తప్పు కాదు" అన్నాను.

"రెండు రోజులు పట్టింది నీకు" అంది, చుక్కల వంకే చూస్తూ.

"పట్టింది."

నాన్న గురించి చెప్పాను. బస్సు, సంచి, సగం గ్లాసు. నాన్న కిడ్నీ జబ్బుతో పోయాడని తనకి తెలుసు. ఎలా పోయాడో ఎనిమిదేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదు. తను విన్నది. చెయ్యి పట్టుకోవడం లాంటిదేం జరగలేదు. "ఆ రెండో డాక్టరు దగ్గరికి నన్ను కూడా తీసుకెళ్ళు" అంది.

మార్చి 19, బుధవారం

నిన్న స్కాన్. ఆరు సెంటీమీటర్లు. తగ్గింది.

ఈ రోజు ముగ్గురం సర్జనమ్మ దగ్గరికి వెళ్ళాం. ఆమె నాకు చెప్పినవన్నీ తనకి మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేను విన్నప్పుడు "తిరిగి రావచ్చు" అనే మాట ఒక్కసారే వినపడింది. ఇవాళ లెక్కపెట్టాను, నాలుగుసార్లు అంది. పోయినసారి కూడా నాలుగుసార్లు అనే ఉంటుంది.

తను అడిగింది, "మీ పిల్లయితే ఏం చేస్తారు?"

"ఆ ప్రశ్న అందరూ అడుగుతారమ్మా. నా పిల్లయితే నా చేతులు వణుకుతాయి, ఇంకొకరికి అప్పగిస్తాను. మీ పిల్ల కాబట్టి చెప్పగలుగుతున్నాను. ఇప్పుడున్న స్కాన్ ప్రకారం భాగం తీయడానికి ప్రయత్నించడం తప్పు కాదు. మొత్తం తీయడం కూడా తప్పు కాదు. ఏది తప్పో తెలిస్తే మీ దగ్గరిదాకా రానిచ్చేదాన్నే కాదు."

"లోపల తెరిచాక కుదరదనిపిస్తే?"

"ఆపుతాను. కోయకముందే బయటికొచ్చి మీకు చెప్తాను. ఆ ముప్పైని నమ్ముకునే నిర్ణయం నేనొక్కదాన్నే తీసుకోను."

తను ఉడత వంక చూసింది. అది డాక్టరమ్మ కుర్చీని గిర్రున తిప్పుతోంది.

"ప్రయత్నించండి" అంది తను. నా వంక చూడకుండా.

నాకు సంతోషం కలగాలి. కలగలేదు. ఇన్నాళ్ళూ తను వద్దంటుంటే ధైర్యంగా ఉంది. ఇప్పుడు అడ్డుపడేవాళ్ళు లేరు.

మార్చి 21, శుక్రవారం

ఫైలు తెచ్చుకోడానికి పెద్ద సర్జన్ దగ్గరికి వెళ్ళాను. తిడతాడేమోనని తల వంచుకునే వెళ్ళాను. ఆయనే కాగితాలన్నీ వరసగా సర్ది, పిన్ను కొట్టి ఇచ్చాడు. "ఆవిడ చెయ్యి మంచిది" అన్నాడు. గుమ్మం దాటుతుంటే, "ఏం జరిగినా నాకో ఫోన్ చేయండి" అన్నాడు.

మార్చి 26, బుధవారం

ఉడతని ఎనిమిదింటికి తీసుకెళ్ళారు. తలుపు దాకా నా నెత్తి మీదే ఉంది. దింపితే ఏడవలేదు. లోపలున్నదాన్ని తిట్టమని సర్జనమ్మకి చెప్పింది. ఏమని తిట్టాలో కూడా చెప్పింది, చెవిలో.

హాల్లో నేలకి బిగించిన ఇనప కుర్చీలు. ఎదురుగా లిఫ్టు. తలుపు మూసుకునే ముందు రెండుసార్లు తడబడుతోంది. ఎవరూ దాన్ని ఆరు నెలలుగా చూసినట్టు లేదు. మామూలుగా అయితే వెళ్ళి చెప్పేవాణ్ణి.

మేమిద్దరం పక్కపక్కనే, మధ్యన తన సంచి. తొమ్మిదయింది. తొమ్మిదిన్నర. పదిం పావు. తను పొద్దున్న నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. నేను టీ తెస్తానంటే, "నువ్వుండు, కాళ్ళు బిగుసుకుపోయాయి, నేనే వెళ్తాను" అని లేచింది. లిఫ్టు రాకపోతే మెట్ల మీద దిగింది.

తను వెళ్ళి ఐదు నిమిషాలు కాలేదు. తలుపు తెరుచుకుని సర్జనమ్మ వచ్చింది. తలకి టోపీ అలాగే ఉంది, మాస్కు గడ్డం కిందికి లాగి ఉంది. ఆమె నడక చూసి లేచి ఎదురెళ్ళాను.

"పాప బాగుంది" అంది ముందుగా. "గడ్డ స్కాన్‌లో కనిపించినదానికంటే లోపలికి ఉంది. పెద్ద రక్తనాళానికి ఆనుకుని. భాగం కోద్దామని నేను ప్రయత్నించొచ్చు. కానీ గడ్డని తాకకుండా కోయగలనని నమ్మకం కుదరడం లేదు. పగిలిందంటే కడుపంతా పడుతుంది."

"మీరేమంటారు?"

"తీసేయమంటాను. కానీ మీకు చెప్పి చేస్తానన్నాను."

"మా ఆవిడ కిందికెళ్ళింది."

"రెండు నిమిషాలు ఆగగలను."

ఫోన్ చేశాను. నా పక్కన సంచిలోనే మోగింది.

మెట్ల వైపు చూశాను. ఎవరో ముసలాయన ఎక్కుతున్నాడు. లిఫ్టు వంక చూశాను. సర్జనమ్మ నన్ను తొందరపెట్టలేదు. గడియారం కూడా చూడలేదు. చేతులు ముందుకి మడుచుకుని నిలబడింది, దేనికీ తగలకుండా.

నాన్న గుర్తొస్తాడనుకున్నాను. రాలేదు. ఇన్నాళ్ళూ రాసుకున్న పద్నాలుగు వరసల్లో ఒక్కటీ గుర్తు రాలేదు. ఉడత నెత్తి మీద కూర్చున్నప్పుడు నా చెవులు పట్టుకుంటుంది, అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి. అదొక్కటే తెలుస్తోంది.

"తీసేయండి" అన్నాను.

"మొత్తం."

"మొత్తం తీసేయండి."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. తలుపు మూసుకుంది. అంత పెద్ద హాల్లో మనుషులున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు. నేను ఏదో ఎత్తు మీంచి జారి, ఎక్కడా నేల తగలనట్టు నిలబడ్డాను.

తను రెండు కప్పులు పట్టుకుని వచ్చింది. ఒలకకుండా ఒక్కొక్క మెట్టూ ఎక్కి వచ్చినట్టుంది. నా మొహం చూసి ఆగిపోయింది.

చెప్పాను.

ఇది తను కోరుకున్నదే. మొదటి రోజు నుంచీ ఇదే అడిగింది. కప్పులు రెండూ కుర్చీ మీద పెట్టి, కింద నేల మీద కూర్చుని ఏడ్చింది. "పైనున్న సగం బాగానే ఉండేది కదా" అంది. "అది ఏం చేసిందని." ఇంత ఏడుపు గడ్డ ఉందని చెప్పిన రోజు కూడా చూడలేదు.

తరువాత మొహం తుడుచుకుని అడిగింది, "నువ్వొక్కడివే ఉన్నావా అప్పుడు?"

"ఊఁ."

"నువ్వే అన్నావా ఆ మాట?"

"ఊఁ."

"నేను ఎందుకెళ్ళాను టీకి" అంది.

నేనూ నేల మీదే కూర్చున్నాను. టీ చల్లారిపోయింది. అలాగే తాగాం.

మార్చి 27, గురువారం

యూరిన్ పైపు పెట్టారు. గంటకోసారి సిస్టర్ గీతల సంచి చూసి ఎన్ని మిల్లీలీటర్లో రాసుకుంటోంది. 12. 9. 14. 8. ఈ పిల్ల బరువుకి ఇంకా రావాలట. కుడి కిడ్నీ కంగారు పడుతోంది, కాస్త టైమివ్వండి అంది సర్జనమ్మ.

పెద్ద సర్జన్‌కి ఫోన్ చేశాను. "మంచి పని చేశారు" అన్నాడు. ఏది మంచి పనో నేనడగలేదు.

మార్చి 28, శుక్రవారం

11. 10. 7. 15.

ఉడత కళ్ళు తెరిచి తీసేశారా అని అడిగింది. తీసేశారన్నాం. తిట్టారా అంది. తిట్టారన్నాం.

మార్చి 30, ఆదివారం

20. 22. 19. తనిప్పుడు ఇంటికి వెళ్ళడం లేదు. నేనూ సెలవు పొడిగించాను. మంచానికి ఈ పక్కన ఒకరు, ఆ పక్కన ఒకరు. మాట్లాడుకునేది తక్కువే. సంచి వంక ఇద్దరం ఒకేసారి చూస్తాం.

ఏప్రిల్ 3, గురువారం

రిపోర్టు వచ్చింది. గడ్డ కిడ్నీ దాటి బయటికి రాలేదు. అంచుల్లో ఏమీ లేదు. మొదటి దశ. కరెంటు అక్కర్లేదు, మందు ఇంకొన్ని వారాలు చాలు.

"భాగమే తీసి ఉంటే?" అని అడిగాను. అడగకూడదని పొద్దున్నే అనుకున్నాను.

"తెలీదు" అంది సర్జనమ్మ. "ఎవరికీ తెలియదు. నాక్కూడా."

రక్తంలో క్రియాటినిన్, కిడ్నీ ఎంత పనిచేస్తోందో చెప్పే అంకె, సున్నా పాయింట్ తొమ్మిది దగ్గర ఆగింది. ముందు సున్నా పాయింట్ నాలుగు ఉండేది. ఈ వయసుకి ఎక్కువే, కానీ ఆగింది. మూడు నెలలకోసారి పరీక్ష, పెద్దదయ్యేదాకా, అయ్యాక కూడా. పదహారేళ్ళ సంగతి ఇప్పుడెవరూ చెప్పలేరు. తను రిపోర్టు మొత్తం చదివి, సున్నా తొమ్మిది దగ్గర వేలు పెట్టి, "ఈసారి ఏదొచ్చినా నాకు ముందు చెప్పాలి" అంది.

"చెప్తాను."

"వరండాలోనైనా సరే."

ఏప్రిల్ 4, శుక్రవారం

పొద్దున్న తొమ్మిదింటికి పైపు తీసేశారు. ఇక ఉడత సొంతంగా మూత్రం పోయాలి. సిస్టర్ కొలపాత్ర ఇచ్చింది, ఎంత పోస్తే అంత గడిలో రాయాలట. పది. పదకొండు. ఉడత మంటగా ఉంటుందని భయపడి బిగబట్టుకుంది. ట్యాపు తిప్పి వినిపించాం. గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టాం. పన్నెండయింది. మళ్ళీ పైపు పెట్టాల్సి వస్తుందేమో చూద్దాం అంది సిస్టర్. తను కొలపాత్ర పట్టుకుని మంచం చుట్టూ తిరుగుతోంది.

ఏడ్చి ఏడ్చి ఉడత నా భుజం మీద నిద్రపోయింది. కుర్చీలో వెనక్కి వాలి కదలకుండా కూర్చున్నాను. పన్నెండున్నరకి ఛాతీ మీద ఏదో వెచ్చగా తగిలింది. మొదట చెమట అనుకున్నాను. అది పాకింది. చొక్కా దాటి, నడుము దాటి, ప్యాంటులోకి, కుర్చీ మీదికి, కుర్చీ మీంచి నేల మీదికి చప్పుడు చేస్తూ కారింది. ఆగదేం అనుకున్నాను. ఆగకూడదనుకున్నాను. తను కొలపాత్ర అలాగే చేత్తో పట్టుకుని చూస్తూ నిలబడిపోయింది.

ఉడత కళ్ళు తెరిచింది. కిందికి చూసింది, నా మొహం చూసింది.

"అమ్మా," అంది, "నాన్న చొక్కాలో పోసేసుకున్నాడు."

తను నవ్వడం మొదలుపెట్టింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నా ఆగలేదు. జనవరి తరువాత ఆ నవ్వు వినడం ఇదే. సిస్టర్ పుస్తకం పట్టుకుని వచ్చి, నేల చూసి, నన్ను చూసి, "ఎంతని రాయను?" అంది.

"చొక్కా నిండా అని రాయండి" అంది తను.

సిస్టర్ నవ్వలేదు. గడిలో నిజంగానే అలా రాసింది. నేను చూశాను.